ఊరుకుంటే చాలు

"ఆ మేకు కూడా ఊడొచ్చింది. ఇంకోటి అందివ్వు," అంది అత్తగారు బల్ల మీద నిలబడి.

కోడలు మేకు అందించలేదు. బల్ల కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. "ముందు మీరు దిగండత్తయ్యా. ఈ వయసులో బల్లలెక్కి గోడలకి దుప్పట్లు కట్టడమేంటి?"

"ఈ వయసులో నా గది కొలతలు దారినపోయే వాళ్ళందరికీ తెలియొచ్చు గానీ, నేను బల్ల ఎక్కకూడదా?"

హాల్లో మూడు గోడలు అప్పటికే కనుమరుగయ్యాయి. కిటికీ పక్క గోడకు నీలం గళ్ళ దుప్పటి, బీరువాకు పాత పరుపు గలేబు, అద్దానికి తువ్వాలు. గడియారాన్ని మాత్రం దయతలచి వదిలేసింది, టైము తెలియాలి కాబట్టి. రంగులు వేసేవాళ్ళు ఏ క్షణాన్నయినా బకెట్లతో వచ్చేస్తారేమో అన్నట్టుంది ఇల్లు.

మంగళవారం సాయంత్రం కొడుకు చేసిన ఘనకార్యానికి ఇది గురువారం పొద్దుటి జవాబు. ఆ రోజు అతను తన కంపెనీవాళ్ళ కొత్త కళ్ళజోడు తెచ్చి తల్లికి పెట్టాడు. అది పెట్టుకుంటే మన గది మన గదిలాగే కనిపిస్తుంది. అందులో లేని వస్తువులు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. బ్రౌజరులో ఒక సామాన్ల కొట్టు పేజీ తెరిచి, "చూడమ్మా, నీ గదిలో కొత్త బీరువా ఎలా ఉంటుందో," అన్నాడు. ఆవిడ చూసింది. బీరువా నిలబడింది. అది నిలబడ్డ చోట మామగారి మంచం లేదు.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆ మంచం మీద దుప్పటి ఇప్పటికీ వారం వారం ఆవిడే మారుస్తుంది. పేజీ దాన్ని ఎవరూ వాడని పాత సామాను అనుకుని చెరిపేసింది. అత్తగారు కళ్ళజోడు లాగి పారేసి, మంచం పట్టెను చేత్తో తడిమి చూసుకుంది. ఉంది. అయినా ఆ పూట ఆవిడ భోజనం చెయ్యలేదు.

"చెరిపేస్తే చెరిపేశాడు. అసలు నా గదిలో అక్కడ మంచం ఉందని ఆ కొట్టువాడికి ఎవరు చెప్పారు?" అని ఇప్పుడు మూడోసారి అడిగింది.

"కళ్ళజోడు చెప్పింది. పెట్టుకోగానే అది గోడలూ నేలా తలుపులూ అన్నీ కొలుస్తుంది. ఆ కొలతలు బ్రౌజరుకిస్తుంది. బ్రౌజరు పేజీకిస్తుంది."

"నన్నడిగిందా?"

"లేదు."

"అడగక్కర్లేదని ఎవడన్నాడు?"

కోడలు పడగ్గది తలుపు వైపు చూసి నోరు నొక్కుకుంది. మొగుడి మీద అత్తగారికి చాడీలు చెప్పిందన్న పేరు ఒక్కటే ఇంకా రాలేదు ఆమెకు.

ఉన్న పేరు వేరే ఉంది. అభ్యంతరమ్మ. పెట్టినవాడు మొగుడే. కళ్ళజోళ్ళు ఎవరు తయారుచేసినా, పేజీలు ఎవరు రాసినా, ఏ బ్రౌజరులోనైనా ఒకేలా పనిచేయాలంటే అందరూ కలిసి ఒక పద్ధతి రాసుకోవాలి. దాన్ని ప్రమాణం అంటారు. రాసే సంఘంలో నూటికి తొంభైమంది పెద్ద పెద్ద కంపెనీల మనుషులు. ఏ కంపెనీకీ చెందనివాళ్ళు నలుగురైదుగురు ఉంటారు, వాళ్ళలో ఈమె ఒకతె. ఆమె సంఘంలో చేరిన కొత్తలో అత్తగారు పక్కింటావిడతో "మా కోడలు ప్రమాణాలు రాస్తుంది" అని గొప్పగా చెబితే, "ప్రమాణాలు చేసి తప్పేవాళ్ళను చూశాను గానీ, రాసేవాళ్ళను ఇప్పుడే వింటున్నా," అందట ఆవిడ.

ఆ సంఘంలో ఓట్లుండవు. అధ్యక్షురాలు ఒక గడువు ప్రకటిస్తుంది. ఆలోగా ఎవరూ కాదనకపోతే అందరూ అవునన్నట్టే. మౌనం అర్ధాంగీకారం అని లోకం అంటుంది, ఆ సంఘంలో మాత్రం మౌనం పూర్తి అంగీకారం. అందుకే అక్కడ నోరున్నవాళ్ళకే విలువ. అభ్యంతరమ్మకు నోరుంది. ఈసారి గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. దానికి ముందు ఆఖరి సమావేశం ఇవాళ పదకొండింటికి.

పడగ్గది తలుపు తెరుచుకుంది. మొగుడు బయటికొచ్చాడు, పెళ్ళాం వైపు చూడకుండా తల్లి వైపు చూశాడు. ఇద్దరికీ మూడు రోజులుగా మాటల్లేవు.

"అమ్మా, నా చార్జరు ఎక్కడ పెట్టిందో చెప్పమను."

"అత్తయ్యా, ఫ్రిజ్ పక్కనుందని చెప్పండి."

"నేనేమన్నా మీ ఇద్దరి మధ్య పోస్టుమేన్‌నా?" అంది అత్తగారు, చివరి ముడి బిగిస్తూ.

అతను అప్పటికిగానీ గోడలు చూడలేదు. "ఏంటమ్మా ఇదంతా? దుప్పటి కడితే ఏమవుతుంది? కళ్ళజోడు ఆ దుప్పటిని కొలుస్తుంది."

"కొలవనీ. నా దుప్పటి పొడుగు తెలుసుకుని ఏం బాగుపడతాడో బాగుపడనీ. గోడలకి చెవులుంటాయనేవాళ్ళు, మీ పుణ్యమా అని కళ్ళు కూడా వచ్చాయి. నువ్వూ నీ పెళ్ళామూ ఒకే బడిలో చదివారు, ఒకే పని చేస్తారు. మీ ఇద్దరూ తోడుదొంగలు."

"నేనా?" అంది కోడలు.

"నువ్వే. ఏడేళ్ళుగా ఇంట్లో కూర్చుని అదే రాస్తున్నావుగా!"

ఆ మాట సూటిగా తగిలింది. నిజం కాకపోయినా తగిలింది. కోడలు బల్లను గోడవారకు జరిపి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రెండు నిమిషాల తర్వాత అతనూ వచ్చాడు. గిన్నెలు తోమే తొట్టి దగ్గర నిలబడి, కారని కుళాయిని ఇంకా గట్టిగా బిగించాడు.

"పదకొండింటికి ఏం చేస్తావ్?"

"మీకు తెలుసు."

"అమ్మ ఇక్కడ లేదు. మీరేంటి?"

తల్లి ముందు మీరు, తామిద్దరే ఉంటే నువ్వు. పన్నెండేళ్ళ కాపురంలో ఎన్నడూ తప్పని లెక్క అది. మూడు రోజుల తర్వాత దొరికిన మొదటి మాట ఇలా మర్యాదగా ఉండేసరికి అతని మొహం మాడిపోయింది.

"చూడు. నేను నిన్ను అవునని చెప్పమనడంలేదు. మా కంపెనీని మెచ్చుకోమనడంలేదు. ఊరుకో. అంతే. ఊరుకుంటే చాలు."

"ఊరుకుంటే చాలని నాకూ తెలుసు. అందుకే ఊరుకోను."

"వచ్చే నెల ఆ కళ్ళజోడు బయటికి రావాలి, అడగకుండా కొలతలిచ్చేలాగే చేసేశాం. నా కింద ఇరవై రెండుమంది ఉన్నారు. ఇది ఆగితే మొదట పోయేది మా విభాగమే. ప్రతి పేజీకీ అనుమతి, ప్రతి పేజీకీ అనుమతి అని అడుగుతూ కూర్చుంటే జనం విసిగిపోయి దాన్ని తీసి అటక మీద పడేస్తారు. అడిగినా చదువుతారా ఎవరైనా? కళ్ళు మూసుకుని సరే అని నొక్కేస్తారు."

"నొక్కేది వాళ్ళ వేలు. ఆ వేలు వాళ్ళకే ఉంచండి."

"ఒక్క మాట కోసం ఇంత గొడవా?"

"ఒక్క మాటే కదా. మీరే మానుకోవచ్చుగా?"

ఆమె అట్లకాడ కడిగి బోర్లించి, మళ్ళీ తీసి మళ్ళీ కడిగింది.

"ఏడేళ్ళ కిందట 'అడగాలి' అని రాసింది నేను," అంది. "ఆ మాట నిలబెట్టడానికి ఆర్నెల్లు కొట్లాడాను. ఎవరు నవ్వినా పడ్డాను. అప్పుడు పక్కన కూర్చుని టీ పెట్టిచ్చింది నువ్వే. అభ్యంతరమ్మా, వదలకు అన్నది నువ్వే."

"అప్పుడు నేనీ కంపెనీలో లేను."

"అవును. అప్పుడు నువ్వు నీలోనే ఉన్నావు."

అనేశాక కొంచెం ఎక్కువైందనిపించింది ఆమెకు. కానీ వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు, పక్కపక్కనే, తొట్టిలోకి చూస్తూ.

"ఏదీ ఆ మాట?"

వంటింటి గుమ్మంలో అత్తగారు. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

"నాకు చెవుడేం లేదు," అంది ఆవిడ. "అడగాలి, అడగక్కర్లేదు అని మీరు కొట్టుకుంటున్న ఆ ముక్కేదో నాకూ చూపించండి. తెర మీద కాదు, కాగితం మీద. తెర మీద తప్పులు దాక్కుంటాయి."

ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. పాఠ్యపుస్తకాలు అచ్చేసే ప్రెస్సులో ముప్పై ఒక్క ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. కొడుకు పెళ్ళి శుభలేఖలో కూడా రెండు తప్పులు పట్టి, అచ్చయినవన్నీ వెనక్కి పంపిన చరిత్ర ఉంది. కోడలు ప్రింటరులోంచి కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. అత్తగారు కళ్ళద్దాలు తుడుచుకుని, స్కేలు ఒకటి వెతికి తెచ్చి మొదటి పంక్తి కింద ఆనించింది. పెదాలు కదుపుతూ చదివింది.

"గది కొలతలను పేజీకి ఇచ్చే ముందు, వాడేవారి అనుమతి అడగడం మంచిది." ఆగి, తలెత్తింది. "మంచిదంటే?"

"అడిగితే మంచిది. అడగకపోయినా తప్పు కాదు," అన్నాడు కొడుకు. "వీలున్నచోట అడుగుతారు."

"ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, భోంచేసి వెళ్తే మంచిది అంటాం చూడు, అలాగా?"

"అలాంటిదే అనుకో."

"అంటే వెళ్ళిపొమ్మని."

కోడలికి నవ్వొచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి. మొగుడు చూడకుండా మొహం అటు తిప్పుకుంది.

స్కేలు రెండో పంక్తి కిందకు దిగింది. "కళ్ళజోడు ధరించడాన్నే అనుమతిగా భావించవచ్చు." ఈసారి అత్తగారు తలెత్తకుండా మళ్ళీ చదివింది. "దీనికి కర్త ఎక్కడ?"

"కర్తేంటమ్మా?"

"భావించవచ్చు. ఎవరు? భావించేదెవరు? నేనా, ఆ కొట్టువాడా, దేవుడా? కర్త లేని వాక్యం ప్రూఫులో కనపడితే మా ఫోర్‌మన్ ఒకటే అనేవాడు, ఇది ఎవడో చేసి పారిపోయిన పనిరా అని." కాగితం మీంచి చెయ్యి తీసింది. "పిల్లల పుస్తకంలో కూడా ఇలాంటిది వదలననేవాడు. ఎవర్రా రాసింది ఇది?"

కోడలికి తెలుసు. వారం రోజులుగా తెలుసు. చెప్పకూడదని పళ్ళు బిగబట్టుకుని ఉంది.

"నేనే," అన్నాడు అతను.

అత్తగారు తిట్టలేదు. తిడితే బాగుండేది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తన గుప్పిట్లో పెట్టుకుంది.

"నా మంచం కొట్టువాడు చెరిపాడనుకున్నాను," అంది. "పిచ్చిదాన్ని, వీధిలోకి కనపడకుండా దుప్పట్లు కట్టాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్లేదు."

"అమ్మా, అది నా ఉద్యోగం."

"నాకూ ఉద్యోగం ఉండేదిరా."

ఆవిడ తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. అతను అక్కడే కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళాం వైపు చూశాడు. ఏదైనా అంటాడేమోనని ఆమె చూసింది, ఏమైనా అడుగుతుందేమోనని అతను చూశాడు. గడియారంలో పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ. అతను పడగ్గదిలోకి వెళ్ళాడు. ఆమె భోజనాల బల్ల దగ్గరే కంప్యూటరు తెరిచింది.

తెర నిండా ముప్పై మొహాలు, ముప్పై చిన్న చిన్న కిటికీల్లో. ఆమె వెనక నీలం గళ్ళ దుప్పటి చూసి ఎవరో "ఇల్లు మారుతున్నారా?" అని పలకరించారు. "లేదండీ, మా అత్తగారు ప్రమాణం రాస్తున్నారు," అంది ఆమె. ఎవరికీ అర్థం కాలేదు, మర్యాదకు నవ్వారు. ఆ ముప్పైలో ఒక కిటికీలో తన పడగ్గది గోడ కనిపిస్తోంది. దాని ముందు మొగుడి మొహం. పక్క గదిలో ఉన్న మనిషిని ఇంత చిన్నగా ఇంత దూరంగా చూడడం ఆమెకు ఎప్పుడూ అలవాటు కాలేదు.

అధ్యక్షురాలు నెరిసిన జుట్టు మనిషి, మాట తక్కువ. మూడు విషయాలు ముగించి నాలుగోదానికొచ్చింది. "గది కొలతల అనుమతి. పాత పాఠంలో ఉన్న మాట 'అడగాలి'. కొత్త పాఠంలో 'అడగడం మంచిది'. రేపు సాయంత్రం ఐదు వరకు గడువు. ఇప్పటివరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎవరైనా చెప్పదలచుకుంటే..."

అభ్యంతరమ్మ అప్పటికే చెయ్యెత్తింది.

"నేను అభ్యంతరం చెబుతున్నాను," అంది.

*చెబుతున్నాను*, అంది ఆమె గొంతే, అరక్షణం ఆలస్యంగా, బొంగురుగా, పడగ్గదిలోంచి.

"ఈ పాఠం ఇల్లున్న ప్రతి మనిషికీ..."

*ప్రతి మనిషికీ...*

"ఎవరిదో మైకు తెరిచుంది," అంది అధ్యక్షురాలు. "మాట రెండుసార్లు వినపడుతోంది."

మొగుడు తన మైకు మూయడం మర్చిపోయాడు. పదేళ్ళుగా వీటిలో కూర్చుంటున్న మనిషి, ఇవాళే మర్చిపోయాడు. గబగబా మూశాడు. ముప్పై మందిలో ఎవరో సరదాగా, "ఒకే ఇంట్లోంచి ఇద్దరు మాట్లాడితే అంతేలెండి," అన్నారు. నలుగురు నవ్వారు.

నవ్వనివాడు ఒకడున్నాడు. మొగుడి కంపెనీలో అతనికి పైఅధికారి. గొంతులో తేనె కలుపుకుని మాట్లాడే మనిషి.

"మంచి విషయం గుర్తుచేశారు," అన్నాడు ఆయన. "నేనే ప్రస్తావించాలనుకుంటున్నాను. మన నియమావళిలో పన్నెండో నియమం. ఒక సంస్థకు ఒకే గొంతు. సంస్థ ఉద్యోగితో ఒకే ఇంట నివసించేవారిని కూడా ఆ సంస్థవారిగానే చూడాలి. మా సంస్థ గొంతు ఇప్పటికే వినిపించింది. కాబట్టి, ఆమె మీద నాకెంతో గౌరవం ఉంది, కానీ ఆమె మాటను విడిగా అభ్యంతరం కింద తీసుకోవడానికి వీల్లేదు."

అధ్యక్షురాలు కాగితాలు తిరగేసింది. నియమం ఉంది. కంపెనీలు తమ చుట్టాలను పక్కాలను తెచ్చి సంఘాన్ని నింపెయ్యకుండా ఎప్పుడో పెట్టిన నియమం.

"ఉంది," అంది అధ్యక్షురాలు చివరికి. "ఇన్నాళ్ళు మేమెవరం పట్టించుకోలేదు. ఒకరు ఎత్తిచూపాక పట్టించుకోక తప్పదు. మీరన్నది నమోదవుతుంది. కానీ అభ్యంతరంగా కాదు. నన్ను క్షమించండి."

"నేను ఎవరికీ ఉద్యోగం చెయ్యను," అంది అభ్యంతరమ్మ. "ఏడేళ్ళుగా ఈ సంఘానికి తెలుసు ఆ విషయం."

"తెలుసు."

"అంటే నా నోట్లోంచి వచ్చిన మాట ఇప్పుడు మా ఆయన కంపెనీ మాటయిపోయింది. నేను వద్దన్నా సరే, వాళ్ళు అవునన్నారు కాబట్టి నేనూ అవునన్నట్టే."

అధ్యక్షురాలు తల దించుకుంది.

అభ్యంతరమ్మకు ఒళ్ళు మండింది. చెవుల దాకా మండింది. అవమానం కన్నా కోపం ఎక్కువగా ఉంది, అది మంచిదే అయింది, ఏడుపు రాలేదు. "నేను కాపురం చేసేది మా ఆయనతో," అంది నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి. "ఆయన కంపెనీతో కాదు. ఆ నియమం ఇంకోసారి చదవండి. అందులో ఉన్న మాట ఏది? భార్యాభర్తలనా, బంధువులనా, ఏమని?"

"ఒకే ఇంట నివసించేవారు, అని."

"పెళ్ళి సంగతి లేదు?"

"లేదు. నివాసం ఒక్కటే."

"రేపు సాయంత్రం ఐదులోపు నివాసం వేరైతే?"

తేనెగొంతాయన ఏదో అనబోయాడు. అధ్యక్షురాలు చెయ్యెత్తి ఆపింది. ఆవిడ ఒకసారి కాగితంలోకి, ఒకసారి తెరలోకి చూసింది. "వేరైతే మీ గొంతు మీదే. నాకు రాతపూర్వకంగా చిరునామా పంపాలి."

"అయితే రాసుకోండి. పంపుతాను."

కంప్యూటరు మూత వేసేసరికి మొగుడు హాల్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"మతిపోయిందా నీకు? 'మంచిది'ని 'అడగాలి' చెయ్యడానికి ఇల్లొదిలి పోతావా?"

"పన్నెండో నియమం ఆయనకెవరు చెప్పారు?"

అతను తడబడ్డాడు. "ఎవరూ చెప్పక్కర్లేదు. నిన్న ఆఫీసులో ఒక ఫారం ఇచ్చారు. ఇంట్లో ఎవరెవరుంటారు, ఏం చేస్తారు అని. ఉన్నది రాశాను. అబద్ధం రాయమంటావా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"మనకు మాటల్లేవు కదా!"

పన్నెండేళ్ళలో ఇంత తెలివితక్కువ మాట, ఇంత నిజం మాట అతని నోట రాలేదు. ఆమెకు కొట్టాలనిపించింది, పక్కన కూర్చోబెట్టుకుని తల నిమరాలనిపించింది. రెండూ చెయ్యలేదు. బీరువా మీది గలేబు లాగి, పైనున్న బట్టల సంచీ దించింది.

"రేపటిదాకా," అన్నాడు అతను వెనకే వస్తూ. "ఆ ఒక్క రోజు ఆగలేవా? ఎక్కడికి పోతావ్?"

"ఎక్కడికైనా పోతాను. నీ గొంతు లేనిచోటికి."

"నువ్వు నువ్వు అంటున్నావు, అమ్మ వింటుంది."

"విననీ. ఇన్నాళ్ళూ మీరు మీరు అంటే ఏం మిగిలింది? నేనొకదాన్ని ఉన్నానన్న గుర్తు కూడా మిగల్లేదు."

అత్తగారి గది తలుపు తెరుచుకుంది. ఇద్దరూ ఆగిపోయారు. కొడుకు మొహంలో ఊరట కనిపించింది. అమ్మ వచ్చింది, అమ్మ సర్దిచెబుతుంది. ఏ అత్తగారు చూస్తూ చూస్తూ కోడల్ని సంచీతో గడప దాటనిస్తుంది?

"ఏమిటీ రాద్ధాంతం?" అంది అత్తగారు.

కోడలు రెండే ముక్కల్లో చెప్పింది. ఒకే ఇంట్లో ఉన్నంతకాలం తన మాట మొగుడి కంపెనీ మాట కిందే పోతుంది. రేపు ఐదులోపు ఇళ్ళు వేరైతే అది తన మాటవుతుంది, ఆ పాఠం ఆగిపోతుంది.

"నువ్వొక్కదానివి కాదంటే ఆగిపోతుందా?"

"ఒక్కరు కాదన్నా ఆగాల్సిందేనత్తయ్యా. మళ్ళీ అందరూ కూర్చుని మాట్లాడాలి."

"ఇళ్ళు వేరవ్వాలి. అంతేనా?"

"అంతే."

"ఎవరు బయటికెళ్ళాలో రాసుందా?"

కోడలు జవాబు చెప్పడానికి నోరు తెరిచి, ఆగింది. ఆ సంగతి ఆమెకే తట్టలేదు. ఇల్లు విడవడం అనగానే తన సంచీయే దించింది. "లేదు," అంది.

అత్తగారు వచ్చి ఆమె చేతిలోంచి సంచీ తీసుకుంది. తొందరేమీ లేకుండా పడగ్గదిలోకి నడిచింది. తలుపు చప్పుడు, అరల చప్పుడు వినిపించాయి. బయటికొచ్చేసరికి సంచీలో కొడుకు చొక్కాలు నాలుగు, గడ్డం గీసుకునే సామాను, పైన ఫ్రిజ్ పక్కనుంచి తెచ్చిన చార్జరు.

"అమ్మా?"

"ఈ ఇల్లు నా పేరున ఉంది. ఇందులో ఎవరుండాలో చెప్పే హక్కు నాది," అంది అత్తగారు, సంచీ అతని కాళ్ళ దగ్గర పెట్టి. "మాట మార్చినవాడివి నువ్వు. చిరునామా మార్చుకోవాల్సింది కూడా నువ్వే. ఆ పిల్ల ఎందుకెళ్ళాలి? సాయంత్రం లోపు ఏ స్నేహితుడి గదో చూసుకో. అన్నానికి వస్తే వద్దననులే, కానీ పడక మాత్రం ఇక్కడ కాదు."

"నీకర్థమవుతోందా ఏమంటున్నావో? నా ఉద్యోగం పోతుందమ్మా. నావాళ్ళు ఇరవై రెండుమంది..."

"ఇరవై రెండుమంది బాగుండాలి. దానికి అందరి ఇళ్ళూ ఎందుకు తెరిచిపెట్టాలి? వాళ్ళకి వేరే దారి చూడు. అంత తెలివి నీకుందని నాకు తెలుసు, నిన్ను కన్నది నేనే." ఆవిడ తలుపు వైపు చెయ్యి చూపింది. "నడు."

అతను సంచీ ముట్టుకోలేదు. పెళ్ళాం వైపు తిరిగాడు.

అమ్మ సంగతి అతనికి తెలుసు. పట్టుపడితే విడిచే మనిషి కాదు, ఒక్క కోడలు అడ్డుపడితే తప్ప. మామగారు పోయినప్పుడు అన్నం మానేస్తే తినిపించింది కోడలే. ఊరు విడిచి వెళ్ళిపోతానని పెట్టె సర్దితే విప్పించింది కోడలే. ఇప్పుడూ అంతే, వద్దత్తయ్యా అని ఆమె ఒక్క మాట అంటే చాలు, అత్తగారు సంచీ వెనక్కి తీసుకుంటుంది. ఆ సంగతి ఆ హాల్లో ముగ్గురికీ తెలుసు.

అతను చూశాడు. అభ్యంతరం చెప్పకుండా ఒక్క రోజు గడపలేని మనిషి, పప్పులో ఉప్పు దగ్గర్నుంచి ప్రపంచంలోని కంపెనీలన్నిటి దాకా దేన్నీ ఊరికే పోనివ్వని మనిషి, తన కోసం ఒక్క అభ్యంతరం చెబుతుందేమోనని చూశాడు.

ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. తుడుచుకోలేదు. పెదవి కదిలింది.

అత్తగారు కూడా ఆమె వైపు తిరిగి ఆగింది. "ఏమ్మా? ఏమన్నా అంటావా?"

ఆమె ఊరుకుంది.